కుట్టులోకి పోయిన రిమార్కుల గడి

నరసాపురం వైపు, వశిష్ఠ గోదావరి ఒడ్డున, మా పెద్దలకు కొంత లంక భూమి ఉండేది. లంక భూమి సంగతి డెల్టావారికి కొత్తగా చెప్పనక్కర లేదు. ఒక వరదకు ఏరు కోసుకుపోతుంది, కొన్నేళ్ళకు మరోచోట మేట వేస్తుంది. మా భూమిలో ఎంత ఏటిపాలైందో పాత సర్వే రిజిస్టరులో చివరి గడిలో, రిమార్కుల కింద, రాసి ఉందని మా నాన్నగారు చెబుతుండేవారు.

ఆ పేజీ నకలు కోసం కిందటి ఏడాది ఒక కార్యాలయంలో అర్జీ పెట్టుకున్నాను. రిజిస్టరును అప్పటికే స్కాన్ చేసి ఉంచడం వల్ల నకలు పావుగంటలో చేతికి వచ్చింది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు చక్కగా కనిపిస్తున్నాయి గాని, రిమార్కుల గడి మాత్రం సగానికి తెగిపోయింది. బైండు పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా స్కానర్ మీద పెట్టినందున ఆ అంచు కుట్టులోకి పోయిందన్నమాట. అసలు పుస్తకం చూస్తానంటే, స్కానింగు ముగిశాక కట్టలన్నిటినీ గోదాముకు తరలించారనీ, ఏ కట్టలో ఏముందో తెలిపే జాబితా లేదనీ చెప్పారు. అక్కడి గుమాస్తా నా కోసం ఒక పూటంతా వెతికారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

స్కాన్ చేస్తే రికార్డు భద్రమైపోయినట్టేనని అందరం అనుకుంటున్నాం, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి జాబితా లేని స్కాను, తాళం చెవి పోయిన బీరువాకు మరో ప్రతి మాత్రమే. మన ప్రాంతపు కాగితాలకు ఈ జాబితా ఎంత అవసరమో మా ఊరి చరిత్రే చెబుతుంది. నరసాపురం తాలూకా 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో భీమవరం, తణుకు తాలూకాలతో పాటు కృష్ణా జిల్లాలో కలిసింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా కిందికి వచ్చింది. 1953 అక్టోబరు 1 దాకా పాలన మద్రాసు నుంచి, ఆపైన కర్నూలు నుంచి, 1956 నవంబరు నుంచి హైదరాబాదు నుంచి సాగింది. ఊరు కదలలేదు, దాని దస్త్రాలు మాత్రం చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు ప్రభుత్వ రికార్డుల కార్యాలయం నుంచి జిల్లా రికార్డు గదుల దాకా చెదిరిపోయే అవకాశం ఏర్పడింది. పేర్లదీ అదే తంతు: నరసాపురం ఇంగ్లీషు కాగితాల్లో నర్సాపూర్, ఏలూరు ఎల్లోర్, కాకినాడ కోకనాడ. ఈ రూపాలన్నిటినీ కలిపి, ఏ కాగితం ఏ కచేరీలో ఏ కాలంలో పుట్టిందో తెలుగులో చెప్పే సూచిక ఉంటే తప్ప, కంప్యూటరులో ఎన్ని లక్షల పేజీలున్నా రైతుకు తన పేజీ దొరకదు.

ఇక నిలవ సంగతి. మన గాలిలోని చెమ్మకు కాగితం బూజు పడుతుంది, చెదలు సరేసరి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 1996 నవంబరు తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. కాబట్టి స్కాన్ చేసిన ఫైళ్ళకు మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి డెల్టాకు దూరంగా, మెట్ట ప్రాంతంలో ఉండాలి. ఆ ఫైళ్ళను దాచే కంప్యూటరు టేపు చెడకపోయినా దాన్ని చదివే యంత్రం కాలక్రమాన దొరకకుండా పోతుంది గనుక, కొన్నేళ్ళకొకసారి కొత్త టేపులకు మార్చడానికి ఏటా బడ్జెట్టులో డబ్బు కేటాయించాలి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే గుర్తింపు సంఖ్యను లెక్కగట్టి దాచుకుంటే, ఫైలులో ఒక్క అక్షరం మారినా మళ్ళీ లెక్కించినప్పుడు ఆ సంఖ్య మారిపోయి తేడా బయటపడుతుంది. ఇంత చేసినా అసలు పుస్తకాన్ని పారవేయకూడదు. కుట్టులోకి పోయిన అక్షరాలు దానిలో తప్ప ఇంకెక్కడా లేవు.

చూసే హక్కు చట్టంలో లేకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం, 20 ఏళ్ళు దాటిన సంగతుల సమాచారాన్ని కొద్దిపాటి మినహాయింపులతో ఇవ్వాలనే చెబుతోంది. అయితే ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడగాలంటే అది ఉన్నదని ముందు తెలియాలి కదా! జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) తన దస్త్రాల సూచికను అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో ఇంటి నుంచే వెతుక్కునేలా పెట్టింది. జిల్లా రికార్డు గదులకు కూడా అలాంటి సూచికే కావాలి. ముందు కట్టల పేర్లు మాత్రమే పెట్టినా చాలు, పేజీల బొమ్మలు తరువాత నిదానంగా వస్తాయి.

నేను రెండో అర్జీ ఇచ్చాను. మా రిజిస్టరు దొరికితే కుట్టు విప్పించి ఆ పేజీని మళ్ళీ స్కాన్ చేయించమనీ, అదే పుస్తకంలోని తక్కిన పేజీల అంచులు కూడా చూడమనీ అందులో కోరాను. మా పక్క చేలవారి రిమార్కులు కూడా అదే కుట్టులో ఉండి ఉంటాయి.