పీటర్సన్ కాయిల్ నమూనా: 45 మిల్లీఆంపియర్ల దగ్గర మొండికేసిన మిగులు కరెంటు

మూడు ఫేజుల కరెంటు లైనుకు నేను కట్టిన చిన్న నమూనాలో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినప్పుడు ఎర్త్ ఫాల్ట్ కరెంటు (ఒక ఫేజు ఎర్త్‌కు తగిలితే పారేది) లెక్కకు సరిపోయి 270 మిల్లీఆంపియర్లు వచ్చింది. ఆ భాగం పూర్తయింది. ఆ రెసిస్టర్ స్థానంలో పెట్టే పీటర్సన్ కాయిల్ మాత్రం నన్ను విసిగిస్తోంది. లైను కెపాసిటెన్సు వల్ల పారే ఫాల్ట్ కరెంటును ఈ కాయిల్ ఎదురు కరెంటుతో రద్దు చేయాలి; రద్దు కాకుండా ఉండిపోయేదే మిగులు.

స్టార్‌లో కలిపిన మూడు ట్రాన్స్‌ఫార్మర్లు ఫేజుకు 24 వోల్టులు ఇస్తున్నాయి. లైను కెపాసిటెన్సుకు బదులుగా ఫేజుకు రెండేసి 4 మైక్రోఫారడ్ ఫ్యాను కెపాసిటర్లు పెట్టాను కనుక, కాయిల్ లేకుండా ఒక ఫేజును ఎర్త్‌కు తాకిస్తే 181 మిల్లీఆంపియర్లు పారుతాయి. కాయిల్‌గా మూడు 40 వాట్ల ట్యూబులైటు చోకులను సమాంతరంగా కలిపితే అదే వోల్టేజికి 184 తీసుకున్నాయి. (రాగి తీగ చుట్టిన పాత ఇనుప చోకులే కావాలి, ఎలక్ట్రానిక్ చోకు ఇందుకు పనికిరాదు.) ఇంత చక్కగా కుదిరాక, తీగల 12 ఓమ్‌ల నిరోధానికి 17, ఇనుప కోరు నష్టానికి మరికొంత వేసుకున్నా మిగులు 22 దాటకూడదు. మీటరులో 45 కనిపించింది!

ట్యూనింగు తప్పిందేమోనని ఫేజుకు 1 మైక్రోఫారడ్ చొప్పున కలిపి చూస్తే 53కి పెరిగింది. అప్పుడు చౌక మీటరు పెడితే అదే కరెంటును 39గా చూపింది. రెండు మీటర్లకూ పొంతన కుదరలేదంటే తరంగం సైన్ ఆకారంలో లేదన్నమాట. మొదట వాడిన ఫ్లూక్ కంపెనీ మీటరు ధర ఎక్కువే అయినా, ట్రూ ఆర్ఎంఎస్ మీటరు (తరంగం సైన్ ఆకారంలో లేకున్నా సరిగ్గా కొలిచేది) లేకుండా ఈ పనికి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. కరెంటు దారిలో పెట్టిన 1 ఓమ్ షంటు (కొలతకు వాడే చిన్న రెసిస్టర్) మీద ఆసిల్లోస్కోపు పెట్టగానే 20 మిల్లీసెకన్లలో అయిదు శిఖరాలు, నాలుగేసి మిల్లీసెకన్ల ఎడంతో కనిపించాయి. అది అయిదో హార్మోనిక్, అంటే 50 హెర్ట్జ్ సరఫరాలో కలిసిన అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీ తరంగం: 250 హెర్ట్జ్ దగ్గర కెపాసిటర్లు అయిదు రెట్లు సులువుగా కరెంటును పోనిస్తాయి, 50 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన కాయిల్ దాన్ని దాదాపు ఏమీ తగ్గించలేదు. ఇంటి సరఫరాలో ఆ హార్మోనిక్ 4 శాతం ఉన్నా 35 మిల్లీఆంపియర్ల దాకా వస్తుంది. మిగతా లోటు ఏడో హార్మోనిక్‌దై ఉంటుందని నా ఊహ.

ఇక మైక్రోకంట్రోలరుతో 120 డిగ్రీల తేడాగల శుద్ధమైన సైన్ తరంగాలు పుట్టించి, మూడు ఆడియో ఆంప్లిఫయర్లతో ట్రాన్స్‌ఫార్మర్లను నడిపి, మిగులు 22కు దిగుతుందో లేదో చూడాలి. ఆ తరువాత, 2009 కార్చిచ్చుల అనంతరం ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 22 కిలోవోల్టుల లైన్లకు పెట్టిన ఏర్పాటును అనుకరించాలని ఉంది: అక్కడ ఇన్వర్టరు ద్వారా న్యూట్రల్‌లోకి ఎదురు కరెంటు పంపి, ఫాల్టయిన ఫేజు వోల్టేజిని రెండు సెకన్లలో 250 వోల్టులకు దించుతారు. నా నమూనాకు నాలుగో ఆంప్లిఫయరు సరిపోతుంది.