డిస్కు దొరకని కెర్నల్: కేవీఎం గెస్ట్‌తో మూడు వారాంతాలు

డెబియన్ 13 (ఒక లినక్స్) నడుస్తున్న పాత డెస్క్‌టాప్. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్. ఇందులో కేవీఎం (లినక్స్‌లోనే ఉండే వర్చువల్ మెషీన్ సౌకర్యం) కింద చిన్న వర్చువల్ మెషీన్, అంటే గెస్ట్ ఒకటి పెట్టి, దానికి నేనే కట్టుకున్న 6.12 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వెయ్యాలని సరదా పుట్టింది. అవసరమా అంటే కాదు. డెబియన్ ఇచ్చే కెర్నల్ శుభ్రంగా పనిచేస్తుంది.

మొదటి శనివారం

హోస్ట్ (అసలు డెస్క్‌టాప్) పని గంటలో తేలిపోయింది. మొదట కేవీఎం డివైస్ ఫైలే కనపడలేదు. డీమెసేజ్ (కెర్నల్ సందేశాల చిట్టా) చూస్తే వీఎంఎక్స్‌ని (ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యం) బయోస్ ఆపేసిందని ఒక లైను. బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేసి, నా యూజర్‌ని కేవీఎం గ్రూపులో చేర్చాను, అంతే.

ఒక చిన్న తలనొప్పి మాత్రం వచ్చింది. దీని పక్కనే పెట్టుకున్న మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా తగిలించే భాగం) లోడ్ అవగానే ప్రాసెసర్‌లోని ఆ సౌకర్యాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. అంతకుముందు గెస్ట్ మొదలయ్యేదాకా ఆగేది. బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆదేశాలు) ఎనేబుల్-వర్ట్-ఎట్-లోడ్ అన్న కేవీఎం ఆప్షన్‌ని సున్నా చేస్తే పాత పద్ధతికి వస్తుంది. నేను చెయ్యలేదు, రెండోదాన్నే తీసేశాను.

రెండో వారాంతం

అసలు కథ ఇక్కడ. డెబియన్ కాన్ఫిగ్‌తో (కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) మొత్తం కంపైల్ చేస్తే గంటా నలభై నిమిషాలు పట్టింది. ఇంతసేపు ఎవరు కూర్చుంటారని లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టాను. ప్రస్తుతం లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను చూసి, మిగతావన్నీ కోసేస్తుంది అది. పద్నాలుగు నిమిషాల్లో కెర్నల్ చేతికొచ్చింది. గ్రబ్ (బూట్ చేసే ప్రోగ్రాం), ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్కు దొరికేదాకా మాడ్యూళ్లని అందించే తాత్కాలిక ఫైళ్లు) గొడవ లేకుండా క్యూఈఎంయూకి (గెస్ట్‌ని నడిపే ప్రోగ్రాం) కెర్నల్ ఫైలుని నేరుగా ఇచ్చి బూట్ చేశాను. తెర మీద శూన్యం. కన్సోల్ టీటీవైఎస్0 (సీరియల్ పోర్టు) అని చెప్పడం మర్చిపోయాను. అది చెప్పాక కెర్నల్ గలగలా మాట్లాడి, చివర్న ప్యానిక్ అయింది (ఇక ముందుకు పోలేనని ఆగిపోయింది): రూట్ (సిస్టమ్ ఉన్న) ఫైల్‌సిస్టమ్ మౌంట్ చెయ్యలేను, అన్‌నోన్-బ్లాక్ (0,0).

ఆ బ్రాకెట్‌లోని అంకెలు చూడకుండా నేను గంటన్నర పాడుచేసుకున్నాను. మీరు చెయ్యకండి. (0,0) అంటే చెప్పిన పేరుతో కెర్నల్‌కి డిస్కే కనపడలేదని. అక్కడ వేరే అంకెలుంటే డిస్కు దొరికింది, దాని మీదున్న ఫైల్‌సిస్టమ్ అర్థం కాలేదని.

నాకు డిస్కు ఎందుకు కనపడలేదు? లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నడిపింది హోస్ట్‌లో. హోస్ట్‌కి సాటా డిస్కు, మామూలు నెట్‌వర్క్ కార్డు. గెస్ట్‌కి కనిపించేవి వర్ట్‌ఐఓ (గెస్ట్‌ల కోసమే తయారుచేసిన పరికరాల పద్ధతి) డిస్కు, వర్ట్‌ఐఓ కార్డు. ఇంటి కొలతలతో పక్కింటికి తలుపులు చేయించినట్టయింది. గెస్ట్‌లోనే నడిపి ఉంటే కనీసం ఆ డ్రైవర్లు కోతకి పోయేవి కావు.

సరే, మెనూకాన్ఫిగ్ (కాన్ఫిగ్ మార్చే మెనూ) తెరిచి బ్లాక్ డివైసెస్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్ కోసం వెతికాను. లేదు. అసలు ఆ లైనే లేదు. వర్ట్‌ఐఓ డ్రైవర్స్ అని వేరే మెనూ ఉంది, అందులో పీసీఐ డ్రైవర్‌ని ముందు ఆన్ చేస్తేగానీ బ్లాక్, నెట్‌వర్క్ డ్రైవర్లు బయటికి రాలేదు. గెస్ట్‌లో ఈ పరికరాలు పీసీఐ బస్సు మీదే కనపడతాయి కాబట్టి న్యాయమే. నేను పీసీఐకి 'ఎం' పెట్టాను, అంటే మాడ్యూల్. ఇక బ్లాక్ డ్రైవర్‌కి నక్షత్రం గుర్తు (అంటే కెర్నల్‌లోనే కలిపెయ్యడం) పెడదామంటే పడదు, అదీ 'ఎం' దగ్గరే ఆగిపోతుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేనప్పుడు డిస్కు డ్రైవర్‌ని మాడ్యూల్‌గా పెట్టడమంటే పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వెయ్యడం. రెండింటికీ నక్షత్రం పెట్టి మళ్లీ కట్టాను.

మళ్లీ (0,0)! ఈసారి తప్పు బూట్ లైన్‌లో. పాత గ్రబ్ నుంచి రూట్ యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) కాపీ చేశాను. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని పోల్చుకునేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని ప్రోగ్రాములు, కెర్నల్‌కి దాని సంగతి తెలీదు. పార్ట్‌యూయూఐడీ (డిస్కు విభజన గుర్తింపు సంఖ్య) అయితే తెలుసు. నేను సూటిగా వీడీఏ1 అని రాసేశాను. వర్ట్‌ఐఓ-బ్లాక్ డిస్కులకు ఎస్‌డీఏ బదులు వీడీఏ అని పేరు పడుతుంది.

అప్పుడు (254,1). ప్యానిక్ చూసి సంతోషపడ్డ రోజు అదొక్కటే. ఈఎక్స్‌టీ4 (ఆ డిస్కు మీదున్న ఫైల్‌సిస్టమ్) కూడా 'ఎం'గానే మిగిలిపోయింది. దానికీ నక్షత్రం పెట్టాక రాత్రి పదకొండున్నరకి లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది.

మూడో వారాంతం

తీరిగ్గా సోర్స్ చెట్టు తిరగేస్తుంటే కెర్నల్ కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో కేవీఎం-గెస్ట్ అన్న కాన్ఫిగ్ ముక్క కనపడింది. మేక్ తర్వాత దాని పేరు ఇస్తే పీసీఐ, బ్లాక్, నెట్, సీరియల్ కన్సోల్, పారావర్ట్ (గెస్ట్ కెర్నల్‌కి కావలసిన సవరణలు) అన్నీ ఒక్క దెబ్బతో నక్షత్రాలవుతాయి. ఈఎక్స్‌టీ4 మాత్రం అందులో లేదు, అది మనమే చూసుకోవాలి. ముందే తెలిస్తే ఒక ఆదివారం మిగిలేది. దాంతోనే ఇంకోసారి కట్టాను.

గెస్ట్ లోపల డీమెసేజ్‌లో హైపర్‌వైజర్ కేవీఎం అని గుర్తుపట్టింది. సీపీయూఐడీలో (ప్రాసెసర్ తన వివరాలు చెప్పే ఆదేశం) 40000000 హెక్స్ దగ్గర కేవీఎం తన పేరు మూడుసార్లు రాసిపెడుతుంది, కెర్నల్ చదివేది దాన్నే. క్లాక్‌సోర్స్ (కెర్నల్ సమయం చూసుకునే గడియారం) కేవీఎం-క్లాక్. ఎల్ఎస్‌పీసీఐలో (పీసీఐ పరికరాల జాబితా) డిస్కు, కార్డు రెండూ 1ఏఎఫ్4 అనే వర్ట్‌ఐఓ వెండర్ నంబరుతో ఉన్నాయి.

ఊరికే చూద్దామని నెట్‌వర్క్ కార్డుని ఈ1000కి మార్చాను. ఇది నిజమైన ఇంటెల్ కార్డుకి నకలు. డ్రైవర్ దాని రిజిస్టర్‌ని ముట్టుకున్న ప్రతిసారీ గెస్ట్ ఆగి, హోస్ట్ వచ్చి నటించాలి. వర్ట్‌ఐఓలో అయితే గెస్ట్ మెమరీలోని ఒక వరసలో పనులన్నీ పేర్చి, ఒక్కసారి తలుపు తడితే చాలు. పెద్ద ఫైలు కాపీ చేస్తున్నప్పుడు హోస్ట్‌లో టాప్ (ప్రాసెసర్ వాడకం చూపే ప్రోగ్రాం) తెరిచి పెట్టుకుంటే తేడా కళ్లకే కనపడింది. వెనక్కి మార్చేశాను.

హోస్ట్ ఫోల్డర్‌ని 9పీ (ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) మీద గెస్ట్‌లో మౌంట్ చెయ్యడం మిగిలింది. దాని డ్రైవర్లు ఆ ముక్కలోనే వచ్చేశాయి కాబట్టి ఈసారి కెర్నల్ కట్టే పని లేదు.