ఓష్ గుడిలో తోమా కిటికీ

స్పెయిన్‌లోని శాంతియాగోకు కాలినడకన చేసే క్రైస్తవ యాత్రకు ఫ్రాన్స్‌లో చాలా దారులున్నాయి. ఆర్ల్ నుంచి తులూజ్ మీదుగా పోయే దారిని నేను పట్టుకున్నది ఓష్ పట్టణంలోని పెద్ద చర్చి గాజు కిటికీల కోసమే. జిమోన్ దాటాక అంతా ఎత్తుపల్లాలు, ఎండ. చివర్లో జెర్ నది ఒడ్డు నుంచి పై ఊరికి మూడొందలకు పైగా మెట్లు. వీపున బ్యాగుతో ఎక్కేసరికి కాళ్లు పీకేశాయి.

గుడి లోపల, బలిపీఠం చుట్టూ ఉన్న చిన్న ప్రార్థన గదుల్లో 18 కిటికీలు. గాజు చిత్రకారుడు అర్నో ద మోల్ 1507-1513 మధ్య చేశాడు. సృష్టితో, ఆదాము హవ్వలతో మొదలై పితరులు, ప్రవక్తలు, అపొస్తలులు వరసగా వస్తారు. మధ్యమధ్యలో సిబిల్లులు కూడా! బైబిల్లో ఎక్కడా లేని, గ్రీకు రోమన్ల కాలపు సోది చెప్పే ఆడవాళ్లు. క్రీస్తు రాకను వాళ్లూ ముందే చెప్పారని అప్పట్లో నమ్మేవారట. మా విచారణ (పారిష్) ఫాదర్ వింటే ఏమంటారో!

పెద్ద గుళ్లలో కిటికీలు చూస్తే మెడ పట్టేస్తుంది. ఇక్కడ అంత ఎత్తులో ఉండవు, గీత గీతా కనిపిస్తుంది. మొహం మీద ముడతలు, గడ్డం వెంట్రుకలు గాజు మీద గోధుమ రంగు పొడితో గీసి కొలిమిలో కాల్చినవి. పసుపు వెండి లవణం పూసి కాల్చితే వస్తుంది. ఎర్ర గాజు నిజానికి తెల్ల గాజు మీద పల్చటి ఎర్ర పొర. దాన్ని గీకి తెల్ల పూలు తీస్తారు. పట్టుబట్టల నగిషీ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో.

చివరి కిటికీ దక్షిణం వైపు. మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. చనిపోయి లేచి వచ్చిన ప్రభువు, గాయాలు చూస్తే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా, ఆయన డొక్కలోని గాయం వైపు చెయ్యి చాపి. అడుగున ఆ ప్రాంతపు గాస్కన్ భాషలో, 1513 జూన్ 25న ఈ కిటికీలు పూర్తయ్యాయని రాసి ఉంది. నాకైతే సృష్టి కిటికీ కంటే ఇదే నచ్చింది. అనుమానపడ్డవాడితో కథ ముగించాలంటే ధైర్యం కావాలి.

అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. మైలాపూర్‌లో తోమా సమాధి దగ్గర మొక్కుకుని వచ్చిన మనిషి.

"ఆయన మన దేశం వచ్చినాయనే కదరా, చివర్న పెట్టారేం?" అంది.

"అన్నీ చూశాకే నమ్మాడు కదమ్మా" అన్నాను.

"సరేలే, ముందు ఏమన్నా తిను" అంది.