ఉగాండా ఇంటర్న్‌షిప్, ఒక కాలేజీ లెటర్: నా అనుభవం

నిన్న సాయంత్రం వీసా మెయిల్ వచ్చింది. కాలేజీ ఆఫీసు మీద కోపం చల్లారకముందే ఇదంతా రాసేస్తున్నాను. నేను వైజాగ్‌లో ఫార్మ్‌డీ అయిదో సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవిలో ఉగాండాలోని కంపాలాకి వెళ్తున్నాను. మలేరియా మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే ప్రాజెక్టులో ఇంటర్న్‌షిప్.

అప్లికేషన్ తేలికే. ఇంటర్వ్యూ అయితే ఇరగదీశాను, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పాడేరు ఏజెన్సీలో క్యాంపులకి వెళ్ళినప్పుడు చూసిందే చెప్పాను. వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే మిగతా మాత్రలు గూట్లో పడి ఉంటాయి. కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్నాళ్ళకి మళ్ళీ జ్వరం తెప్పిస్తుంది. పోడు పొలం దగ్గర కాపలా పడుకునేవాళ్ళకి ఇంట్లో కట్టిన దోమతెర ఏం పనికొస్తుందని నేనే ఎదురడిగాను. తమ దగ్గర ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా అయినా, మందు మధ్యలో మానేసే బాధ ఒకటేనని వాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత వాళ్ళు అడిగింది ఒకే ఒక్క కాగితం. నేను ఫలానా కోర్సు చదువుతున్నానని, ఇంటర్న్‌షిప్‌కి కాలేజీకి అభ్యంతరం లేదని లెటర్‌హెడ్ మీద సంతకం, సీలు.

మా ఆఫీసు సెక్షన్‌లో మొదటి మాట: "పాత కాపీ ఉంటే తీసుకురామ్మా, అలాగే కొట్టిచ్చేస్తాం." మా కాలేజీ నుంచి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదండీ అన్నాను. "మరి ఎవరూ ఎళ్ళనప్పుడు లెటర్ ఎలా ఇచ్చీమంటావు?" దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. హెచ్ఓడీ మేడమ్ దయతలచి తనే డ్రాఫ్టు రాసిచ్చారు. దాని మీద అవుట్‌వర్డ్ నంబరు వెయ్యాలంటే నో డ్యూస్, అంటే బాకీలేమీ లేవన్న కాగితం, కావాలన్నారు. నా పేరు మీద ఫీజు బాకీ చూపిస్తోంది. అది ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్, నేను ఎగ్గొట్టింది కాదు. సర్కారు కట్టని డబ్బుకి నేను దోషిలా నిలబడాలి.

సూపరింటెండెంట్ గారు నా ఫైలు తెరిచి, ఫీజులు కట్టడానికి వచ్చిన జూనియర్లందరూ వింటుండగా గట్టిగా అడిగారు: "ఆఫ్రికావోళ్ళే చదువుకోడానికి మన ఊరొస్తంటే నువ్వు అక్కడికెళ్ళి పొడిచేదేటి? దోమలు ఇక్కడ లేవా?" సెక్షనంతా నవ్వింది. ఏడుపు ఆపుకోవడానికి గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. అదే అమెరికా అయి ఉంటే లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చేవారు. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారయ్యే ఆర్21 మలేరియా టీకాని పిల్లలకి వేస్తున్న దేశాల్లో ఉగాండా ఒకటి. అంత పెద్ద ఎత్తున పని జరుగుతున్న చోటికి నేర్చుకోవడానికి వెళ్తుంటే నామోషీ ఏమిటో నాకర్థం కాదు.

చివరికి "మీ నాన్నగారిని తీసుకురా" అన్నారు. నాకు ఇరవై రెండేళ్ళు, ఓటేస్తాను. నాన్న డ్యూటీ మానుకుని వచ్చారు. ఆయనకి కుర్చీ వేశారు, నన్ను నిలబెట్టే ఉంచారు. "సంబంధాలు చూడట్లేదా సార్, అంత దూరం పంపిస్తన్నారు?" అని అడిగారు. "పంపేది నేను కాదండీ, తనే వెళ్తోంది" అన్నారు నాన్న. టీ తాగేలోపు లెటర్ వచ్చేసింది. నో డ్యూస్ ఊసే ఎవరూ ఎత్తలేదు! మరి ఇన్నాళ్ళూ ఆగింది దేనికి?

మా కాలేజీలో ఇంకెవరైనా వెళ్ళాలనుకుంటే నన్నడగండి, "పాత కాపీ" ఇప్పుడు నా దగ్గరుంది. అసలు సెలెక్షన్ దాకా ఆగకుండా అప్లై చేసినప్పుడే లెటర్ పని మొదలుపెట్టండి. హెచ్ఓడీని మాత్రం మంచి చేసుకోండి, మిగతావాళ్ళని మంచి చేసుకునే మార్గం నాకు తెలియదు.

ఈ ప్రయాణానికి కావాల్సిన ఎల్లో ఫీవర్ టీకా మాత్రం పోర్ట్ హెల్త్ ఆఫీసులో సాఫీగా అయిపోయింది. నా చుట్టూ అందరూ ఓడలెక్కే కుర్రాళ్ళే. ఒకసారి కలిపిన మందు కొన్ని గంటల్లోనే వాడేయాలి కాబట్టి ముందుగా తేదీ తీసుకుని వెళ్ళడం మంచిది. ఒరిజినల్ పాస్‌పోర్టు ఉండాలి. గుడ్డు పడకపోతే ముందే చెప్పాలి. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. వీసా అప్లికేషన్‌లో కూడా దాన్ని అప్‌లోడ్ చేయాలి. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ 6 రోజులు క్వారంటైన్. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.