నాన్న గురక

పర్లాకిమిడిలో ఒక రైస్ మిల్లు లెక్కలు ఇరవై రెండేళ్లుగా నేనే రాస్తున్నాను. తెలుగులో కూడి, ఒడియాలో రసీదు రాయడం నాకు అలవాటు. కిందటేడు కోతల కాలం నుంచి ఆ రెండింటి మధ్య అంకె జారిపోసాగింది. ఒకే బస్తాలకు రెండుసార్లు డబ్బు ఇచ్చాను. పాతపట్నం నుంచి స్కూటరు మీద వస్తుండగా కునుకు పట్టి, రోడ్డు దిగిపోయాను.

నన్ను పట్టుకున్న భయం ఒకటే. అరవై దాటాక మా నాన్న మా పేర్లు మరిచిపోయారు. నా వంతు వచ్చిందనుకున్నాను.

"ఏమండీ, నిద్రలో మీకు ఊపిరి ఆగిపోతోంది" అని నా భార్య ఏళ్లుగా చెబుతూనే ఉంది. నేను వినలేదు. చివరికి ఫోనులో రికార్డు చేసి వినిపించింది. గురక, ఆపైన నిశ్శబ్దం. లెక్కపెట్టాను: ఇరవై ఎనిమిది సెకన్లు. తర్వాత నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారిగా ఊపిరి. చిన్నప్పుడు అరుగు మీద నాన్న పక్కన పడుకుని విన్న చప్పుడే అది.

విశాఖలో ఒక రాత్రంతా తీగలు తగిలించి పరీక్ష చేశారు. గంటకు 41 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమే. గొంతు మూసుకున్న ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేస్తుంది, మనకు తెలియదు. గాఢనిద్ర దొరకని మెదడుకు పగలు ఏకాగ్రత, జ్ఞాపకం రెండూ తగ్గుతాయి.

జన్యు పరీక్ష చేయమని డాక్టరుగారిని బతిమాలాను. ఏపీఓఈ-4 అనే జన్యు రూపం ఉంటే అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుందనీ, అది ఉన్నవారందరికీ జబ్బు రాదనీ చెప్పారు. "నాన్నగారి నుంచి మీకు వచ్చినట్టు నాకు కనిపిస్తున్నది వెనక్కి ఉన్న ఈ దవడ. ఇలాంటి దవడ ఉంటే నిద్రలో గొంతు తేలిగ్గా మూసుకుంటుంది. ముందు నిద్ర బాగుచేద్దాం" అన్నారు.

గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే సీప్యాప్ యంత్రం ఇచ్చారు. దాని మాస్కును మొదటి వారం నిద్రలోనే పీకేసేవాణ్ణి. కరెంటు పోతుందని ఇన్వర్టరు కొన్నాం. పగటి మత్తు నెలలోపే వదిలింది. జ్ఞాపకం అంత తొందరగా రాలేదు. ఇప్పటికీ పేర్లు చీటీ మీద రాసుకుంటాను. లెక్క మాత్రం తప్పడం లేదు. నాన్నకు ఈ పరీక్ష ఎవరూ చేయించలేదన్న బాధ మాత్రం రాత్రి మాస్కు పెట్టుకునేటప్పుడల్లా కలుగుతుంది.

గుణుపురంలో ఉన్న మా తమ్ముడిదీ అదే దవడ. "వాడి గురక మధ్యలో ఆగుతోందా అమ్మా?" అని ఫోనులో మరదలిని అడిగాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆగుతోంది బావగారూ" అంది.

సోమవారానికి ఇద్దరికీ విశాఖ టికెట్లు తీశాను.