డులూత్‌లో ఓడల ఫోటోలు: నాలుగు ట్రిప్పుల లెక్క

మే, మొదటి ట్రిప్

అమెరికాలో మేముండే మినియాపాలిస్ నుంచి, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్ రేవు సుమారు 150 మైళ్లు, కారులో రెండున్నర గంటలు. ఐ-35 రోడ్డు ఆ ఊరితోనే అయిపోతుంది. చివర్లో కొండ దిగుతుంటే ఆ సరస్సు ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటుంది.

మాది విశాఖ. బీచ్ రోడ్డు నుంచి చూస్తే ఓడలు ఎక్కడో దూరంగా అగ్గిపెట్టెల్లా కనిపించేవి. ఆ లెక్కతోనే దూరంవి దగ్గరగా చూపించే 100-400 జూమ్ లెన్సు కొనుక్కుని వెళ్లాను. డబ్బులు దండగ! కెనాల్ పార్క్ దగ్గర ఓడలు హార్బర్‌లోకి వచ్చే కాలువ వెడల్పు 300 అడుగులే. వచ్చే ఓడ పొడవు వెయ్యి అడుగులు, వెడల్పు 105. అంటే గట్టు మీద నిలబడ్డ మనకీ దానికీ మధ్య వంద అడుగులు కూడా ఉండదు. 212 ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనూ పూర్తి ఓడ లేదు. తుప్పు మరకలు, పేరులో సగం అక్షరాలు, రెయిలింగ్ పట్టుకుని చెయ్యి ఊపుతున్న ఒకాయన నారింజ రంగు చొక్కా. ఆ చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు.

జులై, రెండో ట్రిప్

ఈసారి దగ్గరివి తీసే మామూలు 18-55 లెన్సు కూడా పట్టుకెళ్లాను. ఓడ పక్కకి వచ్చేశాక అదీ చాలదు. కిటుకు ఏంటంటే, కాలువ మీదున్న, ఓడ వస్తే పైకి లేచే లిఫ్ట్ బ్రిడ్జి వైపు నిలబడి, ఓడ ఇంకా సరస్సులో ఉండగానే కాలువ మొదట్లోని రెండు లైట్‌హౌస్‌ల మధ్య ఎదురుగా తీసుకోవాలి. దానికి జూమ్ పనికొస్తుంది. పక్కకి వచ్చాక కెమెరా దించేసి చూడటమే మంచిది.

టైమింగ్ గురించి ఒక మాట. షెడ్యూల్లో పొద్దున పదిన్నర అని ఉంటే ఓడ ఒంటిగంటన్నరకి వచ్చింది. ఇప్పుడు షెడ్యూల్ కాదు, ఓడ ఎక్కడుందో చూపించే లైవ్ మ్యాప్ నమ్ముతున్నాను. కాలువ పక్కనే మారిటైమ్ విజిటర్ సెంటర్ ఉంది, టికెట్ లేదు, పిల్లలతో కాలక్షేపానికి బాగుంటుంది. జులై అయినా స్వెట్టర్ తప్పనిసరి. సరస్సు మీంచి గాలి తిరిగితే పది నిమిషాల్లో వణుకు పుడుతుంది.

బ్రిడ్జి సంగతి చెప్పాలి. 1905లో కట్టినప్పుడు అది పైకి లేచేది కాదు. పైన ఇనుప చట్రం, దానికి వేలాడే పెద్ద తొట్టెలాంటి బండి, అందులో మనుషుల్ని, గుర్రబ్బళ్లని అటూ ఇటూ చేరవేసేవారు. 1929-30లో మార్చాక మొత్తం రోడ్డే 135 అడుగులు పైకి లేస్తుంది. ఓడ మూడు పొడుగు, రెండు పొట్టి కూతలు కూస్తే బ్రిడ్జి కూడా అలాగే జవాబిస్తుంది. మావాడు చెవులు మూసుకుని, "నాన్నా, మళ్లీ కూయమను" అన్నాడు.

అక్టోబర్, మూడో ట్రిప్

పొద్దున బ్రిడ్జి అవతలున్న పార్క్ పాయింట్ అనే ఇసుక తిన్నె మీద ఆడుకుని తిరిగొస్తుంటే బ్రిడ్జి లేచింది. అటునుంచి ఊళ్లోకి వేరే దారి లేదు. ఇలా ఇరుక్కుపోతే ఇక్కడివాళ్లు "బ్రిడ్జ్ అయ్యాం" అంటారు. నేను ఎదురుచూస్తున్న ఓడే మా ముందు నుంచి వెళ్లిపోయింది, నేను కార్ల వరసలో తొమ్మిదోవాణ్ణి. పక్కసీట్లోంచి మా ఆవిడ, "ఇదేనాండీ మీ ఓడ?" అంది.

సాయంత్రం కొండ మీద ఎంగర్ టవర్ ఎక్కాం. 1939 నాటి రాతి కట్టడం, ఎక్కడానికి డబ్బులక్కర్లేదు. హమ్మయ్య, ఏడాదిలో మొదటిసారి ఓడ, బ్రిడ్జి, వెనక ఇసుక తిన్నె ఒకే ఫ్రేములో పడ్డాయి. జూమ్ 150 దగ్గర, షటర్ 1/500, ఎఫ్/8. ఎండ వెనక నుంచి పడాలంటే అక్కడికి మధ్యాహ్నం దాటాక వెళ్లాలి.

అది ఇనుప ఖనిజం కోసం వచ్చిన లేకర్. సుపీరియర్‌తో కలిసిన గ్రేట్ లేక్స్ అనే ఈ సరస్సుల్లోనే తిరిగేవి లేకర్లు, సముద్రం నుంచి వచ్చేవి సాల్టీలు. ఇదే రాష్ట్రంలోని మెసాబి గనుల ఖనిజాన్ని గోళీల్లా చేసి రైల్లో ఇక్కడికి తెస్తారు. బైలదిల్లా నుంచి మా విశాఖ పోర్టుకి వచ్చే ఎర్రదుమ్ము వ్యాగన్లు గుర్తొచ్చాయి.

జనవరి, నాలుగో ట్రిప్

సుపీరియర్ నుంచి కింది సరస్సులకి ఓడల్ని దించే, ఎక్కించే నీటి గేట్లని సూ లాక్స్ అంటారు. వాటిని ఏటా జనవరి 15న మూసేసి మార్చి 25న తెరుస్తారు. అందుకని ఆ ముందు వారంలో ఓడలు ఇక్కడ శీతాకాలం గడపడానికి వచ్చి ఆగుతాయి, ముక్కు నిండా మంచు పేరుకుని. మైనస్ 22 డిగ్రీల్లో నీటి మీంచి ఆవిరి లేస్తుంటే ఓడ పొగలోంచి వస్తున్నట్టుంటుంది. సీ స్మోక్ అంటారు దాన్ని.

బ్యాటరీ నలభై నిమిషాల్లో చచ్చింది. రెండోది చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. కారెక్కే ముందు కెమెరాని జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసేయాలి, లేకపోతే వెచ్చదనానికి లెన్సు లోపల చెమ్మ పడుతుంది. గట్టు మీద గడ్డకట్టిన మంచు గాజులా జారుతుంది, బూట్లకి ముళ్ల పట్టీలు లేకుండా దిగొద్దు. నేను దిగాను, మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది.

పనికొచ్చినవి మొత్తం పదకొండు ఫోటోలు. మార్చి 25కి సెలవు పెట్టేశాను. మేనేజరుకి మాత్రం పర్సనల్ వర్క్ అని రాశాను.