మోసుకెళ్లగలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ కోసం: నా అనుభవం

పగలు పని చేసుకోవడానికి, రాత్రి ఆటలు ఆడుకోవడానికి ఒకే ల్యాప్‌టాప్ కావాలని, అది రోజూ భుజానికి తగిలించుకుని తిరగగలిగేంత తేలికగా ఉండాలని, నేను పక్కన పెట్టుకున్న పరిమిత మొత్తాన్ని మించకూడదని అనుకున్నప్పుడు ఇదంతా ఒక వారాంతంలో తేలిపోయే పని అనిపించింది. తేలడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. అందులో మొదటి మూడు వారాలు నేను తప్పు ప్రశ్నకు జవాబు వెతుకుతూ గడిపాను. 'ఈ డబ్బుకు వచ్చే అతి పెద్ద గ్రాఫిక్స్ చిప్ ఏది?' అన్నదే ఆ ప్రశ్న.

ఆ ప్రశ్న ప్రకారం చూస్తే ఒక ల్యాప్‌టాప్ అన్నిటికంటే ముందు నిలిచింది. తక్కువ ధరలో ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ చిప్, ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ మెమరీ. కొనడానికి సిద్ధమై తమ్ముడికి చూపించాను. వాడు స్పెసిఫికేషన్ల పట్టికలో చివరి వరుస దాకా వెళ్లి, "అక్కా, రెండు కిలోల నాలుగు వందలు. ఇందులో ఛార్జర్ లేదు. రోజూ మోస్తావా?" అన్నాడు. మోస్తాననే చెప్పాను. చెప్పాక నాకే అనుమానం వచ్చి, పాత సంచిలో పుస్తకాలు, నీళ్ల సీసా సర్ది సరిగ్గా మూడు కిలోలు తూచి, వారం పాటు అదే మోసుకుని తిరిగాను. నాలుగో రోజు మెట్లెక్కుతూ ఆ ల్యాప్‌టాప్ ఆశ వదులుకున్నాను. సంచీ, ఛార్జరూ, మౌసూ అన్నీ కలిపి రెండున్నర కిలోలకు మించకూడదని అప్పుడే ఒక హద్దు గీసుకున్నాను. కొనాలనుకునేవాళ్లు ఏ సమీక్ష చదవడానికైనా ముందు ఈ పని చేసి చూడటం మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ల్యాప్‌టాప్ బరువు అందరూ రాస్తారు గానీ ఛార్జర్ బరువు చాలామంది రాయరు. ఎక్కువ వాట్ల గేమింగ్ యంత్రాలతో వచ్చే ఇటుకలాంటి అడాప్టరు ఒక్కటే అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగవచ్చు. కనుక 'తేలిక' అని రాసి ఉన్న రెండు కిలోల యంత్రం సంచిలోకి చేరేసరికి తేలికగా ఉండదు.

బరువు తేలాక అసలు విషయం మొదలైంది. గ్రాఫిక్స్ చిప్ పేరు చూసి దాని శక్తిని అంచనా వేయలేమని తెలుసుకోవడానికి నాకు ఆలస్యమైంది. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంత విద్యుత్తుతోనైనా నడిపించుకోవచ్చు. దాని కింది మెట్టు చిప్ అయిన ఆర్‌టీఎక్స్ 4050కీ ఇదే పరిధి ఉంది. ఎన్ని వాట్లతో నడిపినా పెట్టె మీద చిప్ పేరు మాత్రం మారదు. పలుచని ఒంట్లో వేడి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి, తేలికైన యంత్రంలో పెద్ద చిప్‌ను పెట్టి దాని గొంతు నొక్కి నడుపుతారు. అలా నడిచే 4060 కంటే తగినంత విద్యుత్తు అందుతున్న 4050 మరీ వెనకబడదని, కొన్ని ఆటల్లో తేడా కంటికి ఆనదని సమీక్షల్లోని కొలతలు పోల్చి చూస్తే అర్థమైంది. చిప్‌కు గరిష్ఠంగా ఎన్ని వాట్లు ఇస్తారో చెప్పే టీజీపీ అనే సంఖ్య కొన్ని స్పెసిఫికేషన్ల పట్టికల్లో ముందే కనిపిస్తుంది, కొన్నిటిలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. అసలు లేనివాటిని నేను జాబితాలోంచి తీసేశాను. ఇది కొంచెం కఠినమైన నియమమే, కానీ నా సమయం మిగిలింది.

ఇక్కడే 'పోర్టబుల్' అన్న మాటకు నాకు నేను ఒక అర్థం చెప్పుకోవలసి వచ్చింది. తీసుకెళ్లడం వేరు, ప్లగ్ లేని చోట ఆడటం వేరు. మొత్తం యంత్రం ఆట సమయంలో 80 వాట్లు తింటుందనుకుంటే, 60 వాట్ అవర్ల బ్యాటరీ లెక్క ప్రకారం ముప్పావు గంటకు ఖాళీ అవుతుంది. పైగా బ్యాటరీ మీద ఉన్నప్పుడు యంత్రం తన శక్తిని తానే తగ్గించుకుంటుంది కనుక ఆ ముప్పావు గంటలోనూ పూర్తి వేగం రాదు. పెద్ద బ్యాటరీతో గట్టెక్కుదామన్నా దానికీ ఒక పైకప్పు ఉంది: విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లే బ్యాటరీకి సాధారణంగా 100 వాట్ అవర్లే పరిమితి, అందుకే ఖరీదైన యంత్రాలు కూడా 99 దగ్గర ఆగిపోతాయి. ఈ లెక్క చూశాక ప్రయాణంలో ఆడుకునే కోరిక పక్కన పెట్టి, చేరిన చోట ప్లగ్ ఉంటుందనే భరోసాతో యంత్రాన్ని ఎంచుకున్నాను. ఆ ఒక్క నిర్ణయంతో సగం చిక్కులు విడిపోయాయి.

ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ లేకుండా, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకుంటే ఎలా ఉంటుందో కూడా చూశాను. స్నేహితురాలి దగ్గర అలాంటి గ్రాఫిక్స్ అయిన రేడియాన్ 780ఎం ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాను. వాలరెంట్ వంటి పోటీ ఆటకు అది చక్కగా సరిపోయింది, కొత్తవీ బరువైనవీ అయిన ఆటలను మాత్రం కనీస సెట్టింగులకు దించితే గానీ లాగలేకపోయింది. బరువు, బ్యాటరీ విషయాల్లో దానికి సాటి లేదు. నా ఆటల జాబితా ఇంకొంచెం చిన్నదై ఉంటే అలాంటిదే కొనేదాన్ని.

ఆ జాబితా రాసుకోవడం వల్ల మరో మేలు జరిగింది. నేను ఎక్కువగా ఆడే ఎల్డెన్ రింగ్ కంప్యూటర్ మీద కూడా సెకనుకు 60 ఫ్రేములకు మించి నడవదు, అలాంటి ఆటకు సెకనుకు 165 సార్లు చిత్రం మార్చే 165 హెర్ట్జ్ తెర కోసం అదనంగా చెల్లించడం వృథా. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ స్థలం అడుగుతుంది, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు, ఆటలు దాచే డిస్కు) విండోస్‌లో 476గా కనిపిస్తుంది, అందులో విండోస్ తన వాటా తీసుకున్నాక ఇలాంటి ఆటలు రెండు పడితే గొప్ప. కాబట్టి నాకు వేగవంతమైన తెర కంటే ఖాళీగా ఉన్న రెండో ఎస్‌ఎస్‌డీ స్లాటే ముఖ్యమైంది.

మధ్యలో ఒకసారి వాడిన యంత్రం వైపు మనసు మళ్లింది. ధర తక్కువ, చిప్ పెద్దది, చూడటానికి కొత్తదానిలాగే ఉంది. అమ్మే వ్యక్తి అనుమతి తీసుకుని విండోస్‌లోనే ఉండే పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ నివేదిక తీసి చూస్తే, తయారైనప్పటి సామర్థ్యంలో అరవై శాతమే మిగిలి ఉంది. బ్యాటరీ మార్పించుకోవచ్చు, నిజమే. కానీ అరగంట ఆట నడిపించేసరికి ఒక ఫ్యాను గరగరలాడింది, మూత కీలు దగ్గర ప్లాస్టిక్ చిట్లిన గీత కనిపించింది. దండం పెట్టి వచ్చేశాను.

చివరికి నేను కొన్నది ఆర్‌టీఎక్స్ 4050 ఉన్న యంత్రం: ఆరు జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 75 వాట్ల పరిమితి, తెర 15.6 అంగుళాలు, 144 హెర్ట్జ్. బరువు రెండు కిలోలకు కాస్త లోపు, ఛార్జరుతో కలిపి నా హద్దుకు అంచున నిలిచింది. ఇందులో నేను వదులుకున్నది తెర నాణ్యత. తెర చూపగల రంగుల పరిధిని చెప్పే కొలత 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు వెలిసినట్లుంటాయని అర్థం. నిజంగా అలాగే ఉన్నాయి. ఫొటోలు దిద్దే పని ఉన్నవాళ్లకు ఈ రాజీ కుదరదు, నాకు కుదిరింది.

తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే యంత్రాన్ని గట్టిగా పరీక్షించాలని నిర్ణయించుకుని, తొలి మూడు రాత్రులూ గంటేసి పాటు బరువైన ఆట నడుపుతూ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వేడిని, విద్యుత్తును నమోదు చేశాను. గ్రాఫిక్స్ చిప్ 80 డిగ్రీల లోపే ఉంది, విద్యుత్తు కూడా ప్రకటించిన 75 వాట్ల దగ్గరే నిలిచింది. అయినా ఆట మధ్య మధ్య తడబడేది. కారణం ర్యామ్‌లో దొరికింది. ఎనిమిది జీబీ స్టిక్ ఒక్కటే ఉంది, రెండో స్లాట్ ఖాళీ. ఒకే స్టిక్ ఉంటే మెమరీ ఒకే దారిలో నడిచి, దాని బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు డేటా పంపగల సామర్థ్యం, సగానికి పడిపోతుంది. పైగా ఇప్పటి ఆటలకు ఎనిమిది జీబీ చాలదు. అదే వేగం గల మరో ఎనిమిది జీబీ స్టిక్ కొని పెట్టాక సగటు ఫ్రేములు కొద్దిగానే పెరిగినా, ఆ తడబాటు మాత్రం పోయింది. ర్యామ్‌ను బోర్డుకే అతికించేసిన సన్నని యంత్రాల్లో ఈ వీలు ఉండదు కాబట్టి, అలాంటిది కొనేవాళ్లు మొదటే పదహారు జీబీ తీసుకోవాలి.

ఫ్యాను మోత సంగతి చాలా పట్టికల్లో ఉండదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆడితే పక్క గదిలోకి వినిపించేది. ఆట సెట్టింగుల్లో ఫ్రేములను 60కి కట్టేశాను; చిప్ మీద భారం తగ్గి, ఫ్యాను మోత సగం దిగింది, తెర మీద నాకు తేడా కనిపించలేదు.

మిగిలింది ఛార్జరు. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన ఆ పోర్టు ద్వారా ఛార్జింగ్ జరుగుతుందని నమ్మకం లేదు, పవర్ డెలివరీ ఉందో లేదో యంత్రం మాన్యువల్‌లో చూసుకోవాలి. నా దాంట్లో ఉంది. టైప్-సి మీద బరువైన ఆట ఆడితే బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది, కానీ రాతపనికీ మీటింగులకూ ఫోనుకు వాడే 65 వాట్ల చిన్న ఛార్జరే సరిపోతుంది. ఇప్పుడు ఆ పెద్ద అడాప్టరు ఇంట్లో బల్ల కిందే ఉంటుంది, పగటి సంచి రెండుంపావు కిలోలు తూగుతోంది.